ఏ స్తంభం నీడ?

కేతేపల్లిలో రాళ్ళు కొట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంటి గడప చూసినా, ఏ చేదబావి గట్టు చూసినా ఆయన సుత్తి దెబ్బ తినని రాయి తక్కువ. రోళ్ళు తొలిచాడు, తిరగళ్ళకు గాట్లు వేశాడు, పొలాలకు హద్దురాళ్ళు చెక్కాడు. మిక్సీలు వచ్చాక రోళ్ళు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. టైల్స్ వచ్చాక బండలు అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. అయినా ఆయన పొద్దున లేవగానే ఉలికి పదును పెట్టడం మానలేదు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. పని పూర్తయ్యాక రాతికి ఒక మూల తన పేరు చెక్కేవాడు. అడిగినా చెక్కేవాడు, వద్దన్నా చెక్కేవాడు. రోలు అంచున ఉన్న ఆ అక్షరాల్లో తొక్కు ఇరుక్కుని కడిగినా పోవడం లేదని ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. హద్దురాయి మీద కూడా ఆయన పేరే ఉండేసరికి, అసలు పొలం ఎవరిదని ఒకసారి పంచాయితీ కూడా అయింది. పెద్దమనుషులు నవ్వి వదిలేశారు గానీ ఆయన అలవాటు వదల్లేదు.

ఆ అలవాటు వెనక ఒక బాధ ఉంది. 1954లో సోలిపేట దగ్గర మూసీకి అడ్డంగా ఆనకట్ట పని మొదలైనప్పుడు ఆయన తండ్రి రాళ్ళు కొట్టడానికి పోయాడు. 1963లో పని పూర్తయ్యేదాకా ఆ గట్టు మీదే ఉన్నాడు. ముసలాయన పుట్టింది ఆ రోజుల్లోనే. తల్లి ఆయన్ను చీర ఉయ్యాలలో వేసి, ఆ ఉయ్యాలను రాళ్ళ కుప్ప పక్కన చెట్టుకు కట్టి పనిలోకి దిగేది. ఆ ప్రాజెక్టు నిండితే 4.46 టీఎంసీల నీళ్ళు నిలుస్తాయి, కుడి ఎడమ కాలువల కింద వరి పండుతుంది. వానాకాలం గేట్లు ఎత్తినప్పుడు జనం పిల్లాజెల్లాతో చూడటానికి వస్తారు. ఫోటోలు దిగుతారు, మిరపకాయ బజ్జీలు తింటారు, ఇళ్ళకు పోతారు. అందులో ఒక్కరికి కూడా తన తండ్రి పేరు తెలియదని ముసలాయన లోలోపల కుమిలిపోయేవాడు. తండ్రికి జరిగింది తనకు జరగకూడదని కనపడ్డ ప్రతి రాతి మీదా పేరు చెక్కుకుంటూ వచ్చాడు.

వయసు మీద పడ్డాక తండ్రి బాకీ కూడా తీర్చాలనుకున్నాడు. నిలువెత్తు బండ ఒకటి తెచ్చాడు. నెలల తరబడి కూర్చుని దాన్ని నున్నగా చేసి ఇంటి ముందు వేపచెట్టుకు ఆనించాడు. ఈ ఆనకట్ట కట్టినవాడు అని పైన రాసి, కింద తండ్రి పేరు పెద్ద అక్షరాలతో చెక్కి, ప్రాజెక్టుకు పోయే దారి పక్కన పాతాలని ఆయన ఆలోచన. అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలో తేలక కొన్నాళ్ళు ఆగాడు. పేరు ముందు ఏం తగిలించాలో తేలక ఇంకొన్నాళ్ళు ఆగాడు. బండ అలాగే ఉండిపోయింది. కోళ్ళు దాని నీడన పడుకునేవి.

ఆయనకు ఐదో తరగతి చదివే మనుమరాలు ఉంది. దసరా సెలవులకు ముందు బడిలో ఒక పని ఇచ్చారు. దగ్గర్లో ఉన్న పాత గుడికి పోయి అయిదు శిల్పాల బొమ్మలు గీయాలి, ఒక్కో బొమ్మ కింద దాన్ని ఎవరు చేశారో రాయాలి. తల్లికీ తండ్రికీ తీరిక లేదు. తాతకు తీరికే తీరిక. అందులోనూ రాళ్ళ సంగతి. తెల్లవారేసరికి సద్ది కట్టించుకుని, తలకు తువ్వాల చుట్టుకుని సిద్ధమయ్యాడు. చేతిసంచిలో ఒక చిన్న ఉలి కూడా వేసుకున్నాడు. అది లేకుండా ఆయన ఎక్కడికీ పోడు.

ఇద్దరూ నకిరేకల్ పోయి, అక్కడ బస్సు మారి నల్లగొండ చేరారు. ఆటో ఎక్కి పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం ముందు దిగారు. ఒకప్పుడు పానగల్లు రాజధాని. కందూరు చోడులు ఇక్కడి నుంచి ఏలారు. ఆ వంశంలోని ఉదయుడి పేరు మీద ఉన్న ఉదయసముద్రం చెరువు ఇప్పటికీ ఊరి పక్కనే ఉంది. శివలింగానికి పచ్చలు పొదిగి ఉండేవని, అందుకే గుడికి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పచ్చలు ఎటు పోయాయో గానీ రాళ్ళు పోలేదు. మంటపం నిండా స్తంభాలే, మొత్తం డెబ్బై. వాటి మీద రామాయణం, భారతం చిన్న చిన్న బొమ్మలుగా నడుస్తుంటాయి.

పిల్ల చతికిలబడి బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. తాత బొమ్మల జోలికి పోలేదు. ఆయన చూపు రాతి మీద ఉంది. ముందు ఒక స్తంభాన్ని వేలి మెటికతో కొట్టి చెవి ఆనించి విన్నాడు. లోపల పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది, గట్టి రాయి కంగుమంటుంది. పాత శిల్పులు ఈ పలుకును బట్టే ఇది పురుష శిల, ఇది స్త్రీ శిల, ఇది నపుంసక శిల అని వేరు చేసి ఏది దేనికి పనికొస్తుందో తేల్చేవాళ్ళు. ముసలాయన శాస్త్రం చదవలేదు. ఆయన చెవికి ఆ సంగతి తెలుసు.

తర్వాత స్తంభం వెనక్కి పోయాడు. గోడకూ స్తంభానికీ మధ్య చేయి మాత్రమే పట్టే సందు ఉంది. ఎవరూ చూడరని అక్కడ రాతిని నునుపు చేయకుండా వదిలేశారు. ఉలి గాట్లు మొన్న కొట్టినట్టే ఉన్నాయి. ముసలాయన చేయి దూర్చి వేళ్ళతో తడిమాడు. పైనున్న గాట్లు ఒక పక్కకు వాలి ఉన్నాయి, జానెడు కిందికి వచ్చేసరికి రెండో పక్కకు వాలి ఉన్నాయి. మళ్ళీ తడిమాడు, అంతే. యాభై ఏళ్ళు ఉలి పట్టినవాడికి అది చదవడం కష్టమేమీ కాదు. ఆ స్తంభాన్ని ఇద్దరు చెక్కారు, అందులో ఒకడు ఎడమచేతివాటం మనిషి. ముసలాయనకు ఎంత సంతోషం కలిగిందంటే, కొన్ని వందల ఏళ్ళ కిందటి తోటి పనివాడు ఎదురుపడి పలకరించినట్టయింది. మనుమరాలిని పిలిచి ఆమె చేయి కూడా సందులో పెట్టించి చూపించాడు.

మరి వాళ్ళ పేర్లు ఏమిటన్నది ఆ పిల్లకు కావాలి. బొమ్మ కింద గీత గీసి ఖాళీ వదిలి ఉంది. అక్కడ ఉన్న కాపలాదారును అడిగితే రాజుగారి పేరు చెప్పాడు. పిల్ల రాసుకుంది. ముసలాయనకు అది నచ్చలేదు. రబ్బరు తీసుకుని తనే చెరిపేశాడు. రాజుకు ఉలి పట్టడం వచ్చా అని గొణుక్కుంటూ స్తంభాల అడుగున, గడపల పక్కన, మెట్ల అంచున పేరు కోసం వెతికాడు. తను ఎక్కడెక్కడ చెక్కుతాడో అక్కడల్లా వెతికాడు. ఎక్కడా కనపడలేదు.

గుడి పక్కనే మ్యూజియం ఉంది. అందులో విగ్రహాలతో పాటు శాసనాల రాళ్ళూ ఉన్నాయి. ఆ లిపి ఇద్దరికీ రాదు. చూడటానికి వచ్చిన ఎవరో చదువుకున్న మనిషి, శాసనాల్లో సాధారణంగా ఏముంటుందో వాళ్ళకు విడమరిచి చెప్పాడు. ముందు రాజు బిరుదులు ఉంటాయి. తర్వాత దేవుడికి ఇచ్చిన భూమి, దాని హద్దులు, దీపానికి ఇచ్చిన నూనె ఉంటాయి. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఇది సాగాలని ఉంటుంది. ఈ దానం చెడగొట్టినవాడు గంగ ఒడ్డున ఆవును చంపిన పాపాన పోతాడని చివర్లో ఉంటుంది. నూనె పోసినవాడి లెక్క ఉంటుంది గానీ రాయి కొట్టినవాడి పేరు ఉండటం బహు అరుదు. కర్ణాటకలో హొయసలుల గుళ్ళలో మల్లితమ్మ లాంటి శిల్పులు బొమ్మ కింద తమ పేరు చెక్కుకున్నారని, అది అక్కడి చలవ అని కూడా ఆయన చెప్పాడు.

మన దగ్గర ఒక్క రామప్ప గుడికే ఆ భాగ్యం దక్కిందంటారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడి, 2021లో ప్రపంచ వారసత్వ కట్టడమైన ఆ గుడి, దేవుడి పేరుతో కాకుండా శిల్పి పేరుతోనే జనం నోళ్ళలో నిలిచిందని చెప్పుకుంటారు. ఆ మాట వినగానే ముసలాయనకు ప్రాణం లేచి వచ్చింది. అలా ఉండాలి అనుకున్నాడు. ఇంటి ముందున్న బండ మీద అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో ఆ క్షణాన తేలిపోయింది. మూరెడు. (అంత గుడిని ఒక్క రామప్పే చెక్కాడా అని ఆ చదువుకున్న మనిషిని అడగాలని ఆయనకు తోచలేదు. కోరుకున్న జవాబు దొరికినప్పుడు మనకూ తోచదు.)

చెట్టు కింద కూర్చుని పెరుగన్నం, చింతకాయ తొక్కు తిన్నారు. తర్వాత పొలాల మధ్యనున్న ఛాయా సోమేశ్వరాలయానికి పోయారు. అది త్రికూటాలయం, మూడు గర్భగుళ్ళకూ నడుమ ఒకటే మంటపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం ఆకారంలో నిలువు నీడ ఒకటి పడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ నీడ అక్కడి నుంచి కదలదు. సూర్యుడు తూర్పున ఉన్నా, నెత్తి మీద ఉన్నా, పడమరకు వాలినా అదే చోట ఉంటుంది. దాన్ని బట్టే గుడికి ఆ పేరు వచ్చింది.

పిల్ల ఆ నీడ బొమ్మ గీద్దామనుకుంది. అది శిల్పం కాదు, బడివాళ్ళు అడగనూ లేదు. అయినా అన్నిటికంటే అదే బాగుందనుకుంది. నీడ గీయడం ఒక్క నిమిషంలో అయిపోయింది. అది ఏ స్తంభం నీడో ఆ స్తంభం కూడా గీయాలి కదా. అక్కడ చిక్కుపడింది. లింగానికి ఎదురుగా, నడిమధ్యన స్తంభం లేదు. ఉన్నవి పక్కలకు ఉన్నాయి. తాతను గర్భగుడి గడప దగ్గర కాపలా పెట్టి తను ఒక్కో స్తంభం దగ్గరికి పోయింది. మొదటి దాని పక్కన నిలబడి చేతులు ఊపింది. తాత చూశాడు, నీడ అలాగే ఉంది. రెండో దాన్ని వాటేసుకుంది. నీడ లావు కాలేదు. మూడో దాని చుట్టూ గిరగిరా తిరిగింది. నీడ చెక్కు చెదరలేదు. ఇదే దాని స్తంభమని చూపించగలిగినది ఒక్కటీ దొరకలేదు.

ముసలాయన గడప మీద కూర్చుని ఆ వెలుగును చాలాసేపు చూశాడు. లోపలికి ఎండ నేరుగా రావడం లేదు. బయటి వెలుతురు మంటపం తెరిపి గుండా వచ్చి స్తంభాల సందుల్లో చీలుతోంది. ఒక పాయ ఇటు నుంచి, ఒక పాయ అటు నుంచి గోడ మీదికి పోతోంది. ఆ పాయలు పడ్డ మేర గోడ తెల్లబడుతోంది, ఏ పాయా సరిగా అందని చోట నడుమ నిలువు చార మిగులుతోంది. జనం స్తంభం నీడ అనుకునేది ఆ చారనే. వచ్చేది ఎండ కాదు, నాలుగు వైపులా పరుచుకున్న పగటి వెలుతురు, కాబట్టి సూర్యుడు కదిలినా చార కదలదు. ఒక్క స్తంభం ఆ నీడను వేయలేదు, అన్నీ కలిసి వేశాయి. ఏ స్తంభాన్ని ఎక్కడ నిలపాలో లెక్క కట్టినవాడికి ఇది ముందే తెలుసు.

పిల్లకు ఇంత విడమరిచి చెప్పే పని లేకపోయింది. ఏ ఒక్కటీ కాదని తేలాక ఆమె అన్ని స్తంభాలూ గీసేసింది. కాగితం చాలక పక్క పేజీలోకి కూడా పోయింది.

సాయంత్రం బస్సులో ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది. మూసీ ఆనకట్ట ఎవరు కట్టారని తాతను అడిగింది. తాత నోట తన తండ్రి పేరు సిద్ధంగా ఉంది, చెప్పాడు. పిల్ల రాసుకుని, ముత్తాత కొట్టిన రాయిని గట్టు మీదికి ఎవరు మోశారని అడిగింది. ముసలాయన ఒక్క క్షణం ఆగాడు. మోసింది ఎదురింటి అన్నదమ్ములు. తండ్రికి వాళ్ళతో పడేది కాదు, అందుకే ఇంట్లో ఎవరూ వాళ్ళ పేరెత్తేవాళ్ళు కాదు. ఆ పేర్లు చెప్పాడు. ఉలి మొద్దుబారితే కొలిమిలో కాల్చి సాగదీసిన కమ్మరి ఒకడు ఉన్నాడు. అతను లేని రోజు తండ్రి పని సాగేది కాదు. అతని పేరూ చెప్పాడు. నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని మాల్ గంపలు అందించిన ఆడవాళ్ళు గుర్తుకొచ్చారు, వాళ్ళలో తన తల్లి ఉంది. ఇన్నేళ్ళూ తండ్రి పేరు కోసం ఏడ్చినవాడికి తల్లి కూడా ఆ గట్టు మీద పనిచేసిందని తెలుసు గానీ, ఆ పేరు కూడా చెక్కాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు సరిగా పలకలేదు.

ఆ తర్వాత లెక్కలోకి పాలమూరు కూలీలు వచ్చారు. గుంపు మేస్త్రీ వెంట ఆలుబిడ్డలతో తరలివచ్చి, గుడిసెలు వేసుకుని, ఇక్కడ పని అయ్యాక కృష్ణ ఒడ్డున నాగార్జునసాగర్‌కు పోయినవాళ్ళు. 1955 డిసెంబరులో పునాదిరాయి పడ్డ ఆ పని 1967 దాకా సాగింది. అంతటి రాతి ఆనకట్ట చేతులతోనే లేచింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా అక్కడ పాలమూరు మనిషి ఉంటాడనే పేరు ఊరికే రాలేదు. వాళ్ళలో ఒకామె ముసలాయన ఉయ్యాలను ఊపుతూ ఉండేదని తల్లి చెప్పేది. ఆమె పేరు ఆయనకు తెలియదు. పిల్ల ఆ చోట పేరుకు బదులు ఉయ్యాల బొమ్మ వేసింది. కేతేపల్లి వచ్చేసరికి నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండాయి.

సెలవులు అయ్యాక బడిలో అయిదు బొమ్మలకూ మార్కులు వచ్చాయి. కింద పేర్లు లేవని కొన్ని పోయాయి. ఆరో బొమ్మను ఏం చేయాలో తెలియక పంతులమ్మ దానికి టిక్కు పెట్టి వదిలేసింది.

ముసలాయన బండ ముందు కూర్చున్నాడు. మూరెడు అక్షరాలు ఇప్పుడు పనికిరావు. వేలెడు అక్షరాలు గీసుకుని, కట్టినవాడు అన్న మాటను కట్టినవాళ్ళు అని మార్చి మొదలుపెట్టాడు. తండ్రి పేరు ఎక్కడ పెట్టాలన్న పేచీ రాకుండా పనుల వరసన పోయాడు. రాయి కొట్టినవాళ్ళు, మోసినవాళ్ళు, ఉలి సాగదీసినవాళ్ళు, మాల్ అందించినవాళ్ళు, పిల్లల్ని చూసుకున్నవాళ్ళు. తండ్రి పేరు కొట్టినవాళ్ళలో నాలుగోది అయింది. ఎదురింటి అన్నదమ్ముల పేర్లు ఆయన చెక్కుతుంటే వాళ్ళ మనుమడు గోడ అవతల నుంచి చూసి, కాసేపటికి చాయ్ తెచ్చి ఇచ్చాడు. ఆ రెండిళ్ళ మధ్య చాయ్ నడవడం ముసలాయన ఎరిగినంతలో అదే మొదలు. తర్వాత ఒక్కొక్కరూ రాసాగారు. మా నాయనమ్మ కూడా పోయింది, మా పెద్దనాయన వేలు అక్కడే తెగింది అంటూ పేర్లు చెప్పి పోయేవాళ్ళు. బండ నిండితే ఇంకో బండ తెచ్చాడు. తన పేరు చెక్కుకోవడానికి మూల కూడా మిగల్చలేదు.

ఈ కథలో నీతి ఇది: పనివాడి పేరు నిలవాలని తపించేవాళ్ళు కూడా రాజు పేరు చెరిపి తమవాడి పేరు రాసుకోవడంతో సరిపెడితే, మారేది పేరు మాత్రమే, మిగిలిన చేతులు మునుపటిలాగే కనపడకుండా పోతాయి. పిల్లలకు గుడి చూపించినప్పుడు ఇది ఫలానావారు చేశారని ఒక్క పేరు చెబితే అది పరీక్షకు పనికొస్తుంది. ఎవరెవరు చేశారని అడగడం అలవాటు చేస్తే మాత్రం, ఆ లెక్కలో తమ ఇంటివాళ్ళూ ఉన్నారని, తమతో మాటల్లేని ఎదురింటివాళ్ళూ ఉన్నారని వాళ్ళే కనుక్కుంటారు.